పగ తీరడానికి ఎంతసేపు పడుతుంది?

క్లుప్తంగా: ప్రతీకార హారర్‌ను మామూలు యాక్షన్ సినిమా నుంచి వేరు చేసేది నెత్తురు పాళ్లు కాదు. ఒక్కో దెబ్బ మీద దర్శకుడు ఎంతసేపు నిలబడతాడన్నదే అసలు తేడా. ఆ వ్యవధి ముందు ప్రేక్షకుడి కసిని పెంచుతుంది, తర్వాత అదే కసితో అతన్ని ఇరుకున పెడుతుంది. హారర్ అభిమానులు ఈ సినిమాలకు తిరిగి తిరిగి వెళ్లేది చాలావరకు ఆ ఇరుకు కోసమే.

'యానిమల్' 2023 డిసెంబరు 1న వచ్చింది. 'మార్కో' మలయాళంలో 2024 డిసెంబరు 20న, తెలుగులో 2025 జనవరి 1న వచ్చింది. మొదటిదాంట్లో తండ్రి మీద కాల్పులు జరిపించినవాళ్ల కోసం కొడుకు వేట. రెండోదాంట్లో చూపులేని సోదరుణ్ని చంపినవాళ్ల కోసం వేట. రెండింటికీ 'ఏ' సర్టిఫికెట్టే. 'మార్కో'ను టీవీలో వేసుకునేలా సర్టిఫికెట్ మార్చమన్న విన్నపాన్ని 2025 మార్చిలో సెన్సార్ బోర్డు తోసిపుచ్చడంతో పాత చర్చ మళ్లీ రాజుకుంది. టికెట్టు కొనుక్కుని మరీ కడుపులో తిప్పించుకోవడం ఏం సరదా అన్నది ఒక పక్షం. సినిమాను సినిమాలా చూడండి అన్నది ఇంకో పక్షం.

మూడో పక్షం ఒకటుంది. స్వీడన్, అమెరికా, కొరియా, ఫ్రాన్స్ ప్రతీకార చిత్రాలను ఏళ్ల తరబడి వెతికి చూస్తున్న హారర్ అభిమానులది. వాళ్ల కొలబద్దతో చూస్తే పైన చెప్పిన రెండూ యాక్షన్ సినిమాలే. నెత్తురు చాలక కాదు, కొలిచేదే వేరు.

నలభై మంది ఓ పక్క, ఒక్క పాదం ఓ పక్క

మన మాస్ ఫైటు అందరికీ కంఠోపాఠం. దుమ్ము రేపుకుంటూ సుమోలు వచ్చి ఆగుతాయి. వేటకొడవళ్లతో మనుషులు దిగుతారు. హీరో పంచె ఎగ్గడతాడు, రీరికార్డింగ్ అందుకుంటుంది, నాలుగు నిమిషాల్లో నలభై మంది నేలకూలతారు. ఆ నలభైలో ఒక్కడికీ పేరుండదు. పడ్డవాడు బతికాడో చచ్చాడో ఎవరూ చూడరు. ఒక కత్తి దిగడానికీ, ఇంకొకడు గాల్లోకి లేవడానికీ మధ్య రెండు సెకన్లు ఉంటే గొప్ప. హింస ఎంతున్నా అక్కడ నొప్పి ఉండదు. నొప్పికి వ్యవధి కావాలి.

ఫ్రెంచ్ దర్శకురాలు కొరాలీ ఫార్జా 2017లో తీసిన 'రివెంజ్'లో వేటకు గురయ్యేది ముగ్గురే. చచ్చిందనుకుని ఎడారిలో వదిలేసిన అమ్మాయి లేచి వాళ్ల వెంట పడుతుంది. ఆ ముగ్గురిలో ఒకడు గాజుపెంకు మీద కాలేస్తాడు. అంతటితో వేట ఆగిపోతుంది. వాడు కూలబడి, అరికాల్లో దిగబడిన పెంకును వేళ్లతో వెతుక్కుంటాడు. నెత్తురు తడికి వేళ్లు జారతాయి. మళ్లీ లోపలికి పోనిచ్చి పట్టుకుంటాడు. కెమెరా ఎటూ పోదు. చూసేవాళ్ల కాలివేళ్లు వాటంతటవే ముడుచుకుంటాయి.

వాడు విలన్. వాడికి నొప్పి కలగాలని పది నిమిషాల కిందట కోరుకున్నది ప్రేక్షకుడే. కోరుకున్నది దొరికింది, కానీ చూడబుద్ధి కావడం లేదు. ప్రతీకార హారర్ బతికేదంతా ఆ రెంటి మధ్య సందులోనే.

కొరియా దర్శకుడు పార్క్ చాన్-వుక్ తీసిన 'ఓల్డ్‌బాయ్' (2003)లో వరండా ఫైటు కూడా ఇలాంటిదే. ఎదురుగా పెద్ద గుంపు ఉంది కనుక పైకి మన ఫైటులాగే కనిపిస్తుంది. కానీ కట్ లేదు. కెమెరా పక్కవాటుగా జరుగుతూ పోతుంటే సుత్తి పట్టుకున్న హీరో అలిసిపోతాడు, కొట్టేవాళ్లూ అలిసిపోతారు, మధ్యలో అందరూ ఆగి ఎగశ్వాస తీస్తారు. వీపులో కత్తి దిగబడి ఉంటుంది, దాన్ని తీసే తీరిక ఎవరికీ లేదు. 2004లో కాన్ చిత్రోత్సవం ఆ సినిమాకు గ్రాండ్ ప్రీ ఇచ్చింది. ఆ వరండా తర్వాత ఎన్ని దేశాల సినిమాల్లోకి వెళ్లిందో లెక్క లేదు, మనవాటితో సహా. అలసట మాత్రం అంతగా వెళ్లలేదు.

బాకీ ఎలా పెరుగుతుంది

పగ గురించి తెలుగులో బాకీ గురించి మాట్లాడినట్టే మాట్లాడతాం. తీర్చుకుంటాం, వడ్డీతో సహా తీర్చుకుంటాం, లెక్క సరిచేస్తాం. ఈ జాతి సినిమా నిర్మాణమూ సరిగ్గా అదే. మొదటి సగం బాకీ, రెండో సగం వసూలు.

వసూలు రుచిగా ఉండటానికి కారణమేమిటన్నదానికి డాల్ఫ్ జిల్మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త రెండు వివరణలు ఇచ్చాడు. భయంతోనో కోపంతోనో పెరిగిన గుండెదడ ఆ సన్నివేశం అయిపోగానే దిగిపోదు, తర్వాతి సన్నివేశంలోకి మిగిలి వచ్చి అక్కడ దొరికే ఊరటకు బలం పోస్తుంది అన్నది ఒకటి. అందుకే మొదటి సగం ఎంత భరించలేనిదైతే రెండో సగం అంత ఊపునిస్తుంది. ప్రేక్షకుడు తెర ముందు న్యాయమూర్తిలా కూర్చుంటాడన్నది రెండోది. పాత్రల మంచిచెడ్డలు తూచి, ఎవరికి ఎంత జరగాలో మనసులో ముందే ఖాయం చేసుకుంటాడు. శిక్ష తక్కువైతే వెలితి. ఎక్కువైతే ఆ పాత్ర మీదే జాలి పుడుతుంది.

మాస్ సినిమా ఈ తూకాన్ని సరిగ్గా ముల్లు దగ్గర ఆపుతుంది. విలన్ ఎంత చేస్తే అంతే, దానిపైన చిటికెడు. ప్రతీకార హారర్ ముల్లు దాటి కావాలనే ముందుకు పోతుంది. జాలి పడకూడని మనిషి మీద జాలి పుట్టించడం దానికి తెలిసిన పెద్ద విద్య.

పగ మనిషికి తియ్యగా ఉంటుందన్న మాట ఉత్త సామెత కాదని ప్రయోగాలూ చెబుతున్నాయి. జూరిక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2004లో 'సైన్స్' పత్రికలో ప్రచురించిన అధ్యయనంలో, డబ్బు ఆటలో తమను మోసం చేసినవాణ్ని శిక్షించే అవకాశం వచ్చినప్పుడు ఆటగాళ్ల మెదడులో బహుమతి అందినప్పుడు చురుకయ్యే భాగమే చురుకైంది. అయితే ఆ కొలత అవకాశం దొరికిన క్షణానిది. శిక్షించిన తర్వాత ఏమవుతుందన్నది వేరే ప్రశ్న. దానికి జవాబు కొరియా సినిమాల దగ్గర వస్తుంది.

ఈ బాకీ, వసూలు వరస మారిస్తే ఏమవుతుందో దర్శకుడు గాస్పర్ నోయే 2002లో 'ఇర్రివర్సిబుల్'తో చూపించాడు. కథ చివరి నుంచి మొదటికి నడుస్తుంది. అంటే వసూలు ముందు, బాకీ తర్వాత. ఇద్దరు మగవాళ్లు ఒక క్లబ్బులో ఎవరినో వెతుకుతుంటారు. ఒకడి తలను మంటలార్పే సిలిండర్‌తో మోదుతూనే ఉంటారు. ఎందుకో ప్రేక్షకుడికి ఇంకా తెలియదు. కారణం తెలియని ప్రతీకారం ఉత్త హత్యలా ఉంటుంది. సినిమా మొదటి అరగంటలో చెవికి ఆనీ ఆనని అతితక్కువ పౌనఃపున్యపు మోత ఒకటి కలిపారు. కాన్‌లో చాలామంది లేచి వెళ్లిపోయారు. కూర్చున్నవాళ్లకు మాత్రం కథ వెనక్కి జరిగేకొద్దీ ఇంకో సంగతి తెలుస్తుంది. ఆ సిలిండర్ దెబ్బలు తిన్నవాడు అసలు దోషి కాదు. దోషి పక్కనే నిలబడి తమాషా చూశాడు. కారణం తెలియకుండా దెబ్బలు చూడటమే కష్టం, కారణం తెలిశాక తలుచుకోవడం అంతకంటే కష్టం.

చేతుల వంక చూసుకోవడం

ఈ పరంపరకు మూలపురుషుడు హారర్ దర్శకుడు కాకపోవడం ఒక తమాషా. ఇంగ్మార్ బెర్గ్‌మన్ 1960లో తీసిన 'ది వర్జిన్ స్ప్రింగ్' మధ్యయుగపు స్వీడిష్ జానపద గాథ ఆధారంగా వచ్చింది. కూతుర్ని పాడుచేసి చంపిన పశువుల కాపరులు తెలియక ఆ తండ్రి ఇంటికే వచ్చి రాత్రికి తలదాచుకుంటారు. సంగతి తెలిసిన తండ్రి కత్తి పట్టుకుని పరుగెత్తడు. గుట్ట మీద ఒంటరిగా ఉన్న బర్చ్ చెట్టును ఒంటి బలంతో వంచి పడదోస్తాడు. దాని కొమ్మలతో ఆవిరిస్నానం చేస్తాడు. పశువులను కోసే కత్తి తెప్పించుకుని, నిద్రపోతున్నవాళ్ల ఎదుట కుర్చీలో తెల్లారేదాకా కూర్చుంటాడు. చంపడం కొద్ది నిమిషాల పనే. దానికి ముందున్న రాత్రి మాత్రం పొడుగు. చచ్చినవాళ్లలో ఒకడు ఏ పాపమూ ఎరగని చిన్న పిల్లవాడు. అంతా అయ్యాక తండ్రి తన చేతుల వంక చూసుకుంటాడు. ఆ సినిమాకు ఉత్తమ విదేశీ చిత్రంగా ఆస్కార్ వచ్చింది.

అదే కథను పన్నెండేళ్ల తర్వాత అమెరికాలో వెస్ క్రేవన్ అతి తక్కువ డబ్బుతో 'ది లాస్ట్ హౌస్ ఆన్ ది లెఫ్ట్'గా తీశాడు. క్రేవన్ అంతకుముందు కాలేజీలో పాఠాలు చెప్పినవాడు. వియత్నాం యుద్ధ దృశ్యాలు రోజూ ఇంట్లోకి వస్తున్న కాలం అది, వాటి ప్రభావం తన మీద ఉందని ఆయనే చెప్పుకున్నాడు. ఇక్కడ గుట్టలు, ఆవిరిస్నానాలు లేవు. అమ్మాయి తండ్రి అయిన ఊరి డాక్టరు గారు మోటారు రంపం పట్టుకుంటాడు. కానీ గుర్తుండిపోయేది ఆ రంపం కాదు. చెరువు గట్టున అమ్మాయిని పాడుచేసిన దుండగులు కాసేపు ఏం చేయాలో తోచక నిలబడిపోతారు. చేతులకంటిన నెత్తురు, గడ్డిపరకలు దులుపుకుంటూ ఒకరి మొహం ఒకరు చూసుకోరు. బెర్గ్‌మన్ ఆ చూపును తండ్రికిచ్చాడు, క్రేవన్ హంతకులకిచ్చాడు. బ్రిటన్‌లో ఈ సినిమా దశాబ్దాల పాటు నిషేధాల్లో, కోతల్లో నలిగి, పూర్తి రూపంలో 2008లో గానీ బయటపడలేదు.

కెమెరా ఎటు నిలబడింది

ఈ జాతిలో అసలు చిక్కు ఇక్కడుంది. బాకీ అంటే చాలా సినిమాల్లో స్త్రీ మీద అత్యాచారం. దాన్ని ఎంతసేపు చూపించాలి?

మీర్ జార్చి 1978లో తీసిన 'ఐ స్పిట్ ఆన్ యువర్ గ్రేవ్' దాన్ని చాలాసేపు చూపించింది. నేపథ్య సంగీతం లేకుండా, తప్పించుకునే దారి లేకుండా. విమర్శకుడు రోజర్ ఈబర్ట్ దానికి సున్నా రేటింగ్ ఇచ్చాడు. హాల్లో కొందరు ప్రేక్షకులు దుండగుల వైపు నుంచి కేరింతలు కొట్టడం ఆయన్ని సినిమా కంటే ఎక్కువ కలవరపెట్టింది. ఆ కోపం న్యాయమైనదే. 1992లో కెరొల్ క్లోవర్ అనే అధ్యాపకురాలు ఎదురు వాదన తెచ్చింది. హాల్లో ఎక్కువమంది కుర్రాళ్లే అయినా ఈ సినిమాలు వాళ్లను బాధితురాలి స్థానంలోనే నిలబెడతాయని, ఆమె భయాన్నీ ఆమె కోపాన్నీ అనుభవించమంటాయని ఆమె సూత్రీకరణ. ఇద్దరూ చెప్పింది ఒకే హాలు గురించి కావడం విచిత్రం. ఒకే నిడివి ఒకడికి వాత, ఇంకొకడికి వినోదం.

ఫార్జా ఈ తగవును వ్యవధితోనే తేల్చింది. 'రివెంజ్'లో అత్యాచారం జరుగుతుంటే కెమెరా దాదాపుగా గది బయటికి వచ్చేస్తుంది. అదే ఇంట్లో ఉన్న స్నేహితుడు తలుపు మూసేసి, అరుపులు వినపడకుండా టీవీ సౌండ్ పెంచి, ఈతకొలను వైపు వెళతాడు. ప్రేక్షకుడి కోపం ఆ రిమోట్ మీదికి మళ్లుతుంది. జార్చి నిమిషాలన్నీ బాధితురాలి ఒంటి మీద ఖర్చుపెడితే, ఫార్జా వాటిని కూడబెట్టి విలన్ పాదం మీద ఖర్చుపెట్టింది. నెత్తురు తగ్గలేదు, పెరిగింది. చిరునామా మాత్రం మారింది.

తెలుగులో ఈ దారికి దగ్గరగా వచ్చింది టి. కృష్ణ తీసిన 'ప్రతిఘటన' (1985). నడిబజారులో వివస్త్రను చేయబడిన లెక్చరర్ ఝాన్సీగా విజయశాంతి నటించింది. క్లాసులో పిల్లల ఎదుట ఆమె పాడే పాట దుర్యోధన, దుశ్శాసనులనే తలుచుకుంటుంది. చివర సభలో దండ వేసిన చేత్తోనే గొడ్డలి ఎత్తుతుంది. జనం చప్పట్లు కొట్టింది ఆ ఒక్క దెబ్బకు. అవమానానికి రీళ్లు పట్టింది, ప్రతీకారానికి క్షణాలు పట్టాయి. అది హారర్ కాదు కనుక అంతే చాలు. ఆ గొడ్డలి కథను మొదలుపెట్టి ఉంటే, ఝాన్సీ ఆ రాత్రి ఏమై ఉండేదన్న ప్రశ్న నుంచి ఇంకో సినిమా పుట్టేది.

వదిలేసి మళ్లీ పట్టుకోవడం

ఆ ఇంకో సినిమాను కొరియా తీసింది, చాలాసార్లు.

కిమ్ జీ-వున్ 'ఐ సా ది డెవిల్' (2010)లో కాబోయే భార్యను, ఆమె కడుపులోని బిడ్డనూ పోగొట్టుకున్న గూఢచారి అధికారి హంతకుణ్ని సినిమా సగం కూడా కాకముందే పట్టుకుంటాడు. చంపడు. మణికట్టు విరిచి, ఎక్కడున్నాడో చెప్పే బిళ్లను మింగించి వదిలేస్తాడు. వాడు కోలుకోగానే మళ్లీ పట్టుకుంటాడు, ఇంకోటి విరుస్తాడు, మళ్లీ వదిలేస్తాడు. పగను వాయిదాల్లో వసూలు చేయడం అన్నమాట. వదిలిన ప్రతిసారీ ఆ హంతకుడి దారిలోకి ఇంకెవరో వస్తారు. చివరికి వాడు బిళ్ల సంగతి కనిపెట్టి, హీరో మామగారింటికి వెళతాడు. కాబోయే మరదలు చచ్చిపోతుంది. లెక్క చూస్తే వడ్డీ కట్టింది హీరోయే. ఆఖరి షాట్‌లో అతను రోడ్డు మీద నడుస్తూ ఏడుస్తాడు, గెలిచినవాడి ఏడుపు కాదది.

ఇదే సంగతిని కెవిన్ కార్ల్‌స్మిత్, మరో ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2008లో ప్రయోగంలో చూపారు. డబ్బు ఆటలో మోసపోయినవాళ్లలో కొందరికి మోసగాణ్ని శిక్షించే వీలిచ్చారు, కొందరికి ఇవ్వలేదు. శిక్షిస్తే మనసు తేలికపడుతుందనే అంతా అనుకున్నారు. తీరా చూస్తే శిక్షించినవాళ్ల మనసే ఎక్కువ కుదేలైంది. శిక్షించనివాళ్లు ఆ సంగతి మరిచిపోగలిగారు, శిక్షించినవాళ్లు ఆ మోసగాణ్నే తలుచుకుంటూ ఉండిపోయారు. పగ గాయాన్ని మానకుండా ఉంచుతుంది. జూరిక్ ప్రయోగం బ్యాంకు అప్పు మంజూరైన రోజును కొలిచింది, ఇది వాయిదాల రోజులను కొలిచింది అనుకోవచ్చు.

పార్క్ చాన్-వుక్ 'లేడీ వెంజన్స్' (2005)లో వ్యవధి ఇంకో రూపం తొడుగుతుంది. పిల్లల్ని ఎత్తుకుపోయి చంపిన మాస్టారు పాడుబడిన బడిలో కుర్చీకి కట్టేసి ఉంటాడు. చచ్చిన పిల్లల తల్లిదండ్రులు వానకోట్లు తొడుక్కుని, చేతుల్లో ఆయుధాలతో, ఆసుపత్రి బయట చీటీ పట్టుకుని కూర్చున్నట్టు వరసలో కూర్చుంటారు. తెర మీద కనిపించేది ఎక్కువగా ఆ ఎదురుచూపే. ఒకరు బయటికి వస్తారు, ఇంకొకరు లోపలికి వెళతారు. తర్వాత నేల మీద పరిచిన పట్టాను ఎత్తి నెత్తురు ఒంపుతారు. అందరూ కలిసి ఫొటో దిగుతారు. కేకు తింటారు. పోయిన డబ్బు తిరిగొస్తుందంటే బ్యాంకు ఖాతా నంబర్లు రాసిస్తారు. ఖాతా నంబర్లు రాసే ఆ చేతులను చూశాక, లోపల ఏం జరిగిందో చూపించనక్కర్లేదని అర్థమవుతుంది.

నెత్తురు చూసి పారిపోయిన సైన్యం

ఇదంతా బయటి సరుకు అనుకోవడానికి వీల్లేదు. కర్ణపర్వంలో భీముడు దుశ్శాసనుడి రొమ్ము చీల్చి నెత్తురు తాగుతాడు. తల్లిపాల కన్నా, తేనె కన్నా రుచిగా ఉందంటాడు. వ్యాసభారతంలో ఆ దృశ్యం చూసిన సైనికులు వీడు మనిషి కాదంటూ పరుగు లంకించుకుంటారు. ప్రతిజ్ఞ న్యాయమైనదని అందరికీ తెలుసు, చూడటం మాత్రం ఎవరివల్లా కాలేదు. సౌప్తికపర్వంలో అశ్వత్థామ నిద్రపోతున్న ధృష్టద్యుమ్నుడిని ఆయుధంతో చంపడు. కనీసం శస్త్రంతో చంపమని వాడు వేడుకున్నా వినకుండా, పశువును చంపినట్టు కాళ్లతో మర్మస్థానాల మీద తొక్కి చంపుతాడు. తండ్రి తల నరికినవాడికి వీరమరణం దక్కకూడదన్న కసి అది. ఆ పగ ఉత్తర కడుపులోని బిడ్డ దాకా వెళ్లడంతో అశ్వత్థామకు దక్కిన ఫలం మూడువేల ఏళ్లు, మానని పుండుతో, పలకరించేవాడు లేక తిరగడం.

చిత్తూరు ప్రాంతంలో ద్రౌపదీ సమేత ధర్మరాజుల గుళ్ల దగ్గర రోజుల తరబడి సాగే భారత ఉత్సవాల్లో దుర్యోధన వధకు ఊళ్లకు ఊళ్లు కదిలివస్తాయి. మైదానంలో వెల్లకిలా పడుకోబెట్టిన భారీ మట్టి దుర్యోధనుడి చుట్టూ భీముడి వేషగాడు గద తిప్పుతూ తిరుగుతాడు. తొడ మీద దెబ్బ పడి ఎర్రనీళ్లు చిందాక, ద్రౌపది వేషం కట్టినవాళ్లు జుట్టు ముడుస్తారు. అక్కడ పిల్లల్ని భుజాలకెత్తుకుని చూపించే తండ్రులెవరికీ రక్తపిపాస ఉందని ఎవరూ అనరు.

నాట్యశాస్త్రం మరణాన్ని రంగస్థలం మీద నేరుగా చూపొద్దంది. అయినా బీభత్సానికి రసాల్లో చోటిచ్చింది, జుగుప్స దానికి స్థాయీభావం, అంటే మూలంలో ఉండే భావం. రౌద్రం నుంచి కరుణం పుడుతుందని, వీరం నుంచి అద్భుతం పుడుతుందని, బీభత్సం నుంచి భయానకం పుడుతుందని కూడా చెప్పింది. మాస్ సినిమా పగను వీరం మీదుగా అద్భుతానికి నడిపిస్తుంది, ఈలలు అక్కడివే. ప్రతీకార హారర్ రౌద్రాన్ని ఎంతసేపు సాగదీస్తుందంటే, అది విరిగి కరుణంలో పడుతుంది. పడకపోతే ఆ సినిమా ఉత్త మాంసం కొట్టు. అలాంటివీ బోలెడు ఉన్నాయి, వాటిని వెనకేసుకు రానక్కర్లేదు.

మైనం, చక్కెర పాకం, కత్తెర

అభిమానులకు ఇంకో కన్నుంది. తెగిన వేలు చూసి సగం బుర్ర ఉలిక్కిపడితే, మిగతా సగం అది రబ్బరా, సిలికానా అని ఆలోచిస్తుంది. అమెరికాలో మేకప్ నిపుణుడు టామ్ సవీనీకి హీరోలకున్నంత పేరుంది. వియత్నాంలో ఫొటోగ్రాఫర్‌గా కళ్లారా చూసిన గాయాలే ఆయనకు బడి. మొక్కజొన్న పాకంలో రంగు కలిపి చేసే నెత్తురు ఎంత చిక్కగా ఉండాలన్నది అభిమానులకు తీరని చర్చ. ఇది తప్పుకోవడానికి దారి కూడా. భయం భరించలేనప్పుడు పనితనం వెనక దాక్కోవచ్చు.

ఇక కత్తెర. బ్రిటన్ 1980ల్లో 72 సినిమాలను వీడియో అసభ్యాల జాబితాలోకి ఎక్కించింది, వాటిలో 39 కోర్టుల్లో దోషులుగా తేలాయి. కొరియాలో 'ఐ సా ది డెవిల్' మామూలు థియేటర్లలో ఆడాలంటే నిమిషం పైచిలుకు కత్తిరించాల్సి వచ్చింది. మన దగ్గర 'ఏ' సినిమా టీవీలోకి రావాలంటే కోతలు తప్పవు. ఇక్కడొక తిరకాసుంది. కత్తెర పడేది సాధారణంగా ఆలస్యం మీద. పెంకు గుచ్చుకోవడం ఉంటుంది, తవ్వి తీయడం పోతుంది. సుత్తి దెబ్బ ఉంటుంది, ఎగశ్వాస పోతుంది. అంటే ఇబ్బంది పెట్టే భాగం తీసేసి, చప్పట్లు కొట్టించే భాగం మిగులుస్తారు. కోత పడిన ప్రతీకార హారర్ అచ్చం యాక్షన్ సినిమాలా తయారవుతుంది.

ఓటీటీలో కత్తెర ప్రేక్షకుడి బొటనవేలికి వచ్చింది. 2021 ఐటీ నిబంధనల ప్రకారం అక్కడ వయసు వర్గీకరణ సంస్థలే చేసుకుంటాయి, సినిమా చాలావరకు పూర్తిగానే వస్తుంది. కానీ తెర మీద రెండుసార్లు తడితే పది సెకన్లు ముందుకు దూకుతుంది. 'ది వర్జిన్ స్ప్రింగ్'లో తండ్రి తెల్లారేదాకా కుర్చీలో కూర్చున్న ఆ రాత్రి నాలుగు తట్లలో అయిపోతుంది. 'ఓల్డ్‌బాయ్' వరండా ఇప్పటికే ముప్పై సెకన్ల రీల్స్‌గా తిరుగుతోంది, సుత్తి దెబ్బలు మాత్రమే మిగిలి, కింద పాట మార్చి.